అమ్మ తొక్కు దొరికే హోటల్

అన్నా,

నేను, విమలను. నువ్వు పోయి పది నెలలు దాటింది. ఇన్ని రోజులూ నీకేమీ రాయలేదు. రాయడానికి సంగతులు లేక కాదు... ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక.

ముందు ఒక మాట చెప్పేస్తాను. నేనిప్పుడు నీ ఊళ్లోనే ఉన్నాను. వానాకాలం మొదట్లో జగిత్యాల నుంచి బదిలీ అయింది. సైదాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా వేశారు. నువ్వుండిన గదికి రెండు గల్లీల అవతలే ఒక చిన్న పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. "ఒక్కసారి రా చెల్లె, ఏ గల్లీల ఏం దొరుకుతదో మొత్తం చూపెడ్త" అని ఎన్నిసార్లు పిలిచావు... ఇప్పుడు సర్కారే పంపింది. చూపెడతానన్న మనిషివి నువ్వు లేవు.

మీ బావ కూడా వచ్చారు. ఆయన సంగతి నీకు తెలిసిందే. ఉప్పు పడిందా లేదా అన్నదొక్కటే ఆయనకు తెలిసిన రుచి. ఏ ఊళ్లో దించినా తిని పడుకుంటారు. నాకలా కుదరదు. బియ్యం, పాలు, పెరుగు, చింతపండు... ఇవి నాలుగూ కుదిరితే తప్ప కొత్త ఊళ్లో నాకు నిద్ర పట్టదు. సగం జీవితం హాస్టల్ స్టోర్ రూములో గడిపినదాన్ని. బస్తా విప్పగానే గుప్పెడు గింజలు తీసి నమలకపోతే చెయ్యి ఊరుకోదు.

అయితే ఈ ఊరికి వచ్చింది మొదలు నేను వెతికింది బియ్యం కోసమూ కాదు, పాల కోసమూ కాదు. దేనికోసమో నీకు తెలుసు.

అమ్మ చింతకాయ తొక్కు కోసం.

అమ్మ పుష్యమాసంలో పచ్చి చింతకాయ తెప్పించి, ఉప్పూ పసుపూ వేసి రోట్లో దంచి, జాడీకెత్తేది కదా. ఎప్పటికప్పుడు ఇంత తీసి, ఎండుమిర్చీ మెంతులూ వేయించి కలిపి నూరి, ఎల్లిపాయతో పోపు పెట్టేది. అమ్మ పోయాక జాడీలో మిగిలిన తొక్కును మనిద్దరం ఏడాదిపాటు పొదుపుగా తిన్నాం. అది అయిపోయాక చెయ్యడం నా వంతయింది. ప్రతి రాఖీకి నువ్వు జగిత్యాల వచ్చినప్పుడు ఎర్ర మూత ప్లాస్టిక్ డబ్బాలో నింపి ఇచ్చేదాన్ని. మధ్యలో అయిపోతే బస్సులో పంపేదాన్ని.

డబ్బా అందిన మర్నాడే నీ ఫోను.

"మంచిగనే ఉన్నది గని చెల్లె, ఇది అమ్మ తొక్కు కాదు. మెంతులు ఎక్కువ పడ్డయ్. అమ్మ తొక్కు నీ చేతికి రాలే. ఈడ నేను తినే హోటల్ల ఉన్నది సూడు... అచ్చం అమ్మ చేతిదే."

ఎంత మండేదో నాకు. ఊరు కాని ఊళ్లో, ముక్కూ మొహం తెలియని హోటల్ వాళ్లకు అమ్మ తొక్కు ఎట్లా వచ్చిందని అడిగేదాన్ని. ఆ హోటల్ పేరు చెప్పమంటే చెప్పవు. "పేరు గీరు లేదు దానికి. నువ్వు రా, తీస్కపోత" అనేవాడివి. అమ్మ తొక్కు దొరికే ఊళ్లో ఉండి నా తొక్కు ఎందుకు అడుగుతావంటే, "ఇంట్ల ఒక డబ్బ ఉండాలె గదా" అని మాట తప్పించేవాడివి. నేను ఫోను పెట్టేసి, హాస్టల్ వంటమనిషి మీద అరిచేదాన్ని. పాపం, ఆమెకేం సంబంధం?

కార్తీకంలో నీ సంవత్సరీకం వస్తోంది. విస్తట్లో నీకు ఇష్టమైనవన్నీ వడ్డించాలి కదా. కూర్చుని ఆలోచిస్తే నోరారా నువ్వు మెచ్చుకున్నది నాకు గుర్తొచ్చింది అదొక్కటే... ఆ హోటల్ తొక్కు. పప్పు బాగుందన్నావా ఎప్పుడైనా? బూరెలు బాగున్నాయన్నావా? లేదు. అందుకే పట్టుపట్టాను. ఆ తొక్కు ఎక్కడున్నా పట్టుకొచ్చి నీ విస్తట్లో పెట్టాలని. ఇంకో ఆశ కూడా ఉంది, దాచడం దేనికి... ఒక్క వేలు నాకి అమ్మ రుచి మళ్లీ చూడాలని. అమ్మ తొక్కు ఎట్లా ఉండేదో నాకు నెమ్మదిగా మరుపు వస్తోంది అన్నా. అది నాకు భయంగా ఉండేది.

మొదట్లో ఈ ఊరు నన్ను బాగానే ఏడిపించింది. చార్మినార్ దగ్గర పాత దుకాణాల్లో మంచి చింతపండు దొరుకుతుందని ఎవరో చెబితే, ఒక శుక్రవారం మధ్యాహ్నం సంచి పట్టుకుని వెళ్లాను. సగం షట్టర్లు దించి ఉన్నాయి. నమాజు వేళ అని నాకు తోచనే లేదు. తెరిచి ఉన్న ఒక దుకాణంలో పాత చింతపండా, కొత్తదా అని తెలుగులో నాలుగుసార్లు అడిగాను. ఆ ముసలాయన నా వైపు దయగా చూసి, కొంచెం తుంచి నా చేతిలో పెట్టి "చక్‌కే దేఖో అమ్మా, ఫిర్ బాత్ కరో" అన్నాడు. నోట్లో వేసుకున్నాక ఇక మాటలతో పని లేకపోయింది. కొత్త చింతపండే, పుల్లగా, లేత రంగులో. అప్పటినుంచి ఆయన దగ్గరే కొంటున్నాను. నా ఉర్దూ వింటే నువ్వు పడీ పడీ నవ్వుతావు.

కిరాణా కొట్టు దొరకడానికి మాత్రం నీ మాటే పనికొచ్చింది. "బోర్డు సూడకు చెల్లె. ముందట నిలవడ్డ ఆడోళ్లను సూడు. సామాను సంచిల ఏసుకున్నంక గూడ నిలవడి ముచ్చట పెడ్తున్రంటె అది మంచి దుకాణం. గబగబ తీస్కొని పోతున్రంటె అక్కడ నువ్వు ఆగకు" అనేవాడివి. మా గల్లీ చివర రెండు కొట్లున్నాయి. ఒకటి అద్దాల తలుపులతో పెద్దది. రెండోది మార్వాడీ ఆయనది, మెట్ల మీద బస్తాలు పేర్చి, లోపల చీకటిగా ఉంటుంది. ఆ మెట్ల దగ్గర ఎప్పుడు చూసినా ముగ్గురు నలుగురు ఆడవాళ్లు కబుర్లాడుతుంటారు. నేను పెద్ద కొట్టు మానేసి అక్కడికే వెళ్లాను. కందిపప్పు ఒక్క విజిల్‌కే ఉడికింది. ఇప్పుడు ఆ మెట్ల దగ్గర ముచ్చట పెట్టేవాళ్లలో నేనూ ఒకదాన్ని.

పాల సంగతి కూడా చెప్పాలి. మా వెనక గల్లీలో యాదవుల ఇంట్లో బర్రెలున్నాయి. తాతల నాటి నుంచి పాల వ్యాపారమే. "బర్రెను సూసి మోసపోకు, బర్రె ముందట ఏం పడ్డదో సూడు" అన్నావు కదా ఒకసారి. నేను పొద్దున్నే వెళ్లి గంపలోకి తొంగిచూశాను. ఆ ఇంటి పెద్దాయన పాలు పిండుతూనే, "ఏంది మేడం, బర్రెను పెండ్లిచూపులు చూస్తున్నవా?" అన్నాడు. గంపలో పచ్చగడ్డీ తవుడూ ఉన్నాయి. పాలు కుదిరాయి. ఆ పెరుగు గడ్డ మీద గరిటె నిలబడుతోంది. మీ బావ కూడా "ఉప్పు లేకున్నా బాగుంది" అన్నారు. ఆయన నోట అంత పెద్ద మెప్పు నేనెప్పుడూ వినలేదు.

ఇట్లా బియ్యమూ పప్పూ పాలూ కుదిరాయి. కానీ తొక్కు?

ఆదివారం వస్తే చాలు, మీ బావ స్కూటర్ వెనక కూర్చుని హోటళ్ల మీద పడేదాన్ని. పత్తర్‌గట్టీలో నువ్వు పనిచేసిన బట్టల కొట్టు చుట్టుపక్కలే ఉంటుందనుకున్నాను. ప్రతిచోటా నువ్వు నేర్పినట్టే మొదట నీళ్ల గ్లాసు వాసన చూసేదాన్ని. గ్లాసు నీచు వాసన వేస్తే మారు మాట్లాడకుండా లేచి వచ్చేదాన్ని. మీ బావ మొహమాటపడుతూ నా వెనకే వచ్చేవారు. ఒకచోట అల్లం చట్నీ అద్భుతంగా ఉంది. ఒకచోట మిర్చి బజ్జీలో వాము కూరి పెట్టారు, దానికోసం మళ్లీ వెళ్లాం. ఒక ఇరానీ హోటల్‌లో చాయ్ తాగాం. బిస్కెట్ ముంచి మీ బావతో ఏదో మాట్లాడుతుంటే అది కాస్తా కప్పులో పడిపోయింది. "ముంచినవా, తీసినవా అన్నట్టుండాలె. ముచ్చట పెట్టినవో, మునుగుతది" అని నువ్వు నేర్పింది అప్పుడు గుర్తొచ్చింది. స్పూనుతో తీసుకుని తిన్నాను. పక్క టేబుల్ వాళ్లు నవ్వుకున్నారు.

ఎక్కడ అడిగినా చింతకాయ తొక్కు లేదన్నారు. ఉందన్నచోట సీసాలో కొన్న మామిడికాయ పచ్చడి తెచ్చిపెట్టారు. ఒకాయన టమాటా చట్నీ చూపించి అదే చింతకాయ అని వాదించాడు. నేనూ తక్కువ తినలేదు, గట్టిగానే వాదించాను. మీ బావ తల వంచుకుని అన్నం తిన్నారు.

నీ కొట్టుకే వెళ్లి అడిగితే ఒక్క మాటతో తేలిపోయేది, నాకు తెలుసు. నువ్వు మధ్యాహ్నం ఎక్కడ తినేవాడివో అక్కడివాళ్లకు తెలియకుండా ఉంటుందా? కానీ ఆ మెట్టు ఎక్కలేకపోయాను అన్నా. చీరలు మడత పెడుతూ పెడుతూ నువ్వు ఒరిగిపోయింది అక్కడే కదా... రెండుసార్లు ఎదురుగా నిలబడి, గాజులు కొనే దానిలా పక్క దుకాణంలోకి వెళ్లిపోయాను. ఇంటికొచ్చి చూస్తే అక్కర్లేని గాజులు.

రాఖీ పౌర్ణమి వచ్చింది. చార్మినార్ చుట్టూ బండ్ల నిండా రాఖీలే. అలవాటు చొప్పున నీకిష్టమైన ఎర్ర దారం రాఖీ తీసుకున్నాను. చేతిలోకి తీసుకున్నాక గానీ గుర్తు రాలేదు. తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు. ఇంట్లో నీ ఫోటో ముందు పెట్టి, హాస్టల్‌కు వెళ్లి, పిల్లలు వాళ్ల అన్నదమ్ములకు ఫోన్లు చేసుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. ఆ రోజే అనుకున్నాను, ఇక లాభం లేదు, మెట్టు ఎక్కాల్సిందేనని.

మర్నాడు వెళ్లాను. మీ చిన్న సేఠ్ నన్ను చూడగానే గద్దె మీద నుంచి లేచి నిలబడ్డాడు. నువ్వు కూర్చునే చోట ఇప్పుడు ఎవరూ కూర్చోవడం లేదు, అక్కడ చీరల మూటలు పెట్టారు. మంచినీళ్లు తెప్పించాడు. నేను ఏడవకుండా ఉండాలని నేరుగా తిండి సంగతే అడిగాను. ఆ పిల్లవాడు... పిల్లవాడేమిటిలే, నెత్తిన సగం వెంట్రుకల్లేవు... అన్నాడు కదా: "అన్న లంచ్‌కు ధూల్‌పేట్ పోతుండె అక్కా, రోజూ బండేసుకొని. ఈడనే మస్తు హోటళ్లున్నయ్ గదా అన్నా అంటే, నా జాగ గదే అంటుండె. అంజమ్మ దగ్గర అని అడగండి, ఎవరైనా చూపెడ్తరు."

ధూల్‌పేట్. మేం అటువైపు ఒక్కసారి కూడా పోలేదు.

చవితి దగ్గర పడింది కదా, గల్లీల నిండా వినాయకులు. రంగులు వెయ్యనివి తెల్లగా, వేసినవి వాన తగలకుండా కవర్లు కప్పుకుని. స్కూటర్ పోవడానికి దారి లేదు. మీ బావ బండి ఒక మూల ఆపి, ఇద్దరం తొండాల కింద నుంచి వంగి వంగి నడిచాం. అంజమ్మ దగ్గర అనగానే చేతుల నిండా రంగులున్న ఒకామె గడ్డంతోనే దారి చూపించింది.

హోటల్ అంటే హోటల్ కాదు కదా అన్నా అది? ఇంటి ముందు రేకుల పందిరి, రెండు బల్లలు, ఒక పొయ్యి. బోర్డు లేదు. విగ్రహాలు చేసేవాళ్లు మోచేతుల దాకా తెల్లటి పొడితో వచ్చి, బకెట్ దగ్గర చేతులు కడుక్కుని తింటున్నారు. అంజమ్మ నాకంటే పెద్దది, అరవై దాటి ఉంటాయి. మమ్మల్ని కూర్చోమని నీళ్లు పెట్టింది. నేను గ్లాసు వాసన చూశాను. చింతపండుతో తోమిన గ్లాసు. ఇక్కడే, అనిపించింది.

జొన్నరొట్టె, పప్పు, బీరకాయ కూర, అన్నం. రొట్టె పల్చగా, వేడిగా, అంచు విరగకుండా ఉంది. అంతా బాగుంది. తొక్కు మాత్రం వెయ్యలేదు. చింతకాయ తొక్కు ఉందా అమ్మా అని అడిగాను. ఆమె చేతిలో గరిటె ఆగింది.

"గది మేం చెయ్యమమ్మ. గది ఒక అన్న తెస్తుండె, ఆల్ల ఇంటి నుంచి" అంది.

అప్పుడే నేను తలెత్తి పొయ్యి వెనకున్న అలమారు చూశాను. ఎర్ర మూతల డబ్బాలు. వరసగా. ఒకదాంట్లో ఉప్పు, ఒకదాంట్లో కారం, ఒకదాంట్లో పసుపు, పప్పులు... ప్రతి మూత మీదా గోళ్ల రంగు చుక్క. హాస్టల్ సామానుతో కలిసిపోకుండా నేను పెట్టుకునే చుక్క. నువ్వు పోయాక నీ గది ఖాళీ చేసినప్పుడు నా డబ్బా ఒక్కటీ కనిపించలేదని మీ బావతో అన్నాను కూడా. అన్నీ పారేశాడేమో అనుకున్నాను. అన్నీ ఇక్కడున్నాయి.

నేను ఆయన చెల్లెలినని చెప్పాను. అంజమ్మ గరిటె పక్కన పెట్టి వచ్చి నా ఎదురుగా బల్ల మీద కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది. పట్టుకుని మొట్టమొదట అడిగిన మాట ఏమిటో తెలుసా?

"అమ్మ ఎట్లున్నదమ్మ?"

నాకు అర్థం కాలేదు. ఎవరి అమ్మ అని అడగబోయాను. ఆమే చెప్పుకుపోయింది. "గీ డబ్బ తెచ్చినప్పుడల్ల, మా అమ్మ పంపింది, తినుండ్రి అని అందరికి ఏస్తుండె అన్న. ఒక్క వారంల ఖాళీ చేస్తుండ్రి వీళ్లంత. ఈ వయసుల గూడ గింత తొక్కు నూరుతదా ముసలామె అంటే, మా అమ్మ చెయ్యి గట్టిది అంటుండె. అన్న పోయిండని తెలిసిన రోజు నాకు మొదలు ఆమెనే యాదికొచ్చింది. కొడుకు పోయిన దుఃఖం ఆ తల్లి ఎట్ల ఓర్సుకుంటున్నదో అని మస్తు ఫికరైంది. ఎవలని అడగాలె? ఊరు తెల్వదు, ఫోన్ లేదు."

అమ్మ పోయి పద్నాలుగేళ్లు దాటింది. అంజమ్మ లెక్క ప్రకారం నువ్వు అక్కడ తినడం మొదలుపెట్టిందే ఆ తర్వాత. మీ బావ నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూడలేదు.

ఓర్చుకుంటోందమ్మా అన్నాను. ఇంకేం అనాలి? నువ్వయితే ఏమనేవాడివి?

అంజమ్మ కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది. దేవుడి గూటి పక్కన పెట్టిన ఒక డబ్బా తెచ్చింది. అదీ ఎర్ర మూతదే. నువ్వు ఆఖరిసారి తెచ్చింది. అడుగున ఇంత తొక్కు మిగిలింది, నల్లబడింది. నువ్వు లేకుండా ఎవరికీ వెయ్యడానికి చెయ్యి రాలేదట. అట్లాగే ఉంచిందట. స్పూనుతో తీసి నా పళ్లెంలో పెట్టింది. అన్నంలో కలుపుకుని, కళ్లు మూసుకుని తిన్నాను.

పులుపు, కారం, ఎల్లిపాయ... చివర్న, నాలుక వెనకాల, మెంతుల చేదు.

నాదే అన్నా. నేను నూరిందే. నా మెంతులే. ఇన్ని వారాలూ ఈ ఊరంతా... ఈ ఊరంతా నేను నా తొక్కు కోసం తిరిగాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. మీ బావ నా పళ్లెంలోంచి కొంచెం తీసుకుని తిని "ఇది మనింటి తొక్కే కదా" అన్నారు. ఆ మనిషికి ఉప్పు తప్ప రుచి తెలియదని నేనే కదా ఊరందరికీ చెప్పింది.

ఆ రోజు నుంచి నీతో మనసులో కొట్లాడుతూనే ఉన్నాను. ఫోనులో నాకేమో అమ్మ చెయ్యి రాలేదంటావు. అక్కడికెళ్లి పది మందికీ అమ్మ చెయ్యి అని వడ్డిస్తావు. ఏది నిజం? నిజంగానే అమ్మ తొక్కులా ఉండేదా? ఉంటే ఆ ఒక్క మాట నాతో అంటే నీ సొమ్మేం పోయేది? నా ముందు అంటే నేను ఎగిరెగిరి పడతానని అనుకున్నావా? మెచ్చుకుంటే మళ్లీ అంత జాగ్రత్తగా చెయ్యనని అనుకున్నావా? అన్నలందరూ ఇంతేనా?

లేకపోతే ఇంకొకటా...

మనూళ్లో అమ్మ లేదని అందరికీ తెలుసు. జగిత్యాలలో తెలుసు. నీ కొట్టులోనూ తెలుసు, అమ్మ కర్మకు సెలవడిగే వచ్చావు కదా. ఎవరికీ తెలియని చోటు ఒక్కటి కావాలనుకున్నావా? రేకుల పందిరి కింద, రంగుల చేతుల మధ్య, అక్కడ మాత్రం అమ్మ ఉండాలని? పుష్యమాసంలో చింతకాయ తెప్పించుకుని, రోలు ముందర కూర్చుని, నీకోసం డబ్బా నింపే అమ్మ? మంచి హోటళ్లన్నీ పక్కన పెట్టుకుని, ఎండలో రోజూ అంత దూరం పోయింది అందుకేనా?

నువ్వు చెప్పవు. చెప్పేవాడివైతే ఎప్పుడో చెప్పేవాడివి.

నేను అమ్మ రుచి మళ్లీ చూడాలని వచ్చాను కదా. చూశానో లేదో నాకే తెలియదు. అమ్మ తొక్కులో మెంతుల చేదు ఉండేదా లేదా అని నన్నిప్పుడు అడిగితే చెప్పలేను. నాకు గుర్తున్నది నువ్వు చెప్పిందే. నువ్వు లేదన్నావు కాబట్టి లేదనుకున్నాను. ఇప్పుడు నీ మాట నమ్మాలో లేదో తెలియడం లేదు. అమ్మ తొక్కు తిని పెరిగినవాళ్లలో అడగడానికి మిగిలింది నువ్వొక్కడివే. నువ్వూ పోయావు.

కానీ ఒకటి చెప్పనా? మునుపటి భయం లేదు. ఎందుకో నాకూ తెలియదు.

మొన్న మళ్లీ వెళ్లాను అంజమ్మ దగ్గరికి. ఈసారి ఒక్కదాన్నే, బస్సు దిగి నడిచి. ఇంట్లో ఉన్న తొక్కు ఒక డబ్బా నింపుకుని పోయాను. మూత మీద చుక్క పెట్టి. బల్ల మీద పెట్టగానే అంజమ్మ నా మొహంలోకి చూసింది. పోయినసారి చెప్పలేకపోయిన నిజం ఈసారి చెబుదామనే బయల్దేరాను అన్నా. ఇంత మంచి మనిషిని ఇంకా మోసం చెయ్యడమెందుకని. బస్సులో మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. అమ్మ లేదమ్మా, అది నేను చేసిన తొక్కు, అన్న ఊరికే అట్లా చెప్పుకున్నాడు అని.

అప్పటికి అన్నాల వేళ అయింది. బల్లల మీద వాళ్లంతా ఎర్ర మూత చూసి పళ్లేలు ముందుకు జరిపారు. గడ్డానికి వెండి రంగు అంటుకున్న ఒకాయన "ఆ అన్న తొక్కేనా?" అని అడిగాడు. అంజమ్మ నా వైపు తిరిగింది, నువ్వే చెప్పు అన్నట్టు.

నేను మూత తీశాను. అమ్మ పంపింది, తినండి అన్నాను.

ఒక్కొక్కరికీ నేనే వడ్డించాను. మెంతులు ఎక్కువయ్యాయని ఒక్కరూ అనలేదు.

కార్తీకంలో నీ విస్తట్లో ఇదే తొక్కు పెడతాను. ఇంకెక్కడా వెతకను. పుష్యంలో చింతకాయ తీసుకొచ్చి ఎక్కువే దంచుతాను, ధూల్‌పేట్‌కు సరిపోయేలా. నేనున్నన్నాళ్లూ అక్కడ అమ్మకు ఏమీ కాదు, ఆ పూచీ నాది. మెంతులు మాత్రం తగ్గించను.

నీ చెల్లె,
విమల